అడుగు దట్టి

నీళ్ళ కడవ చంకన పెట్టుకుని నబీసా గడప దాటేసరికి ఆమె కొడుకు పీర్ బాషా నేల మీద మోకాళ్ళూని రంధ్రాలు లెక్కపెడుతున్నాడు.

"ఐదు. ఆరు. ఏడు."

అతని ముందు ఒక రుమాలు పరిచి ఉంది. ఎనిమిది మూరల పొడుగు. మొగవాళ్ళు తలకు చుట్టుకునేది, పనిలో ఉంటే నడుముకు బిగించుకునేది. పక్కన హుసేనీ పీరు గోడకు ఆనించి ఉంది. దాని ఇత్తడి కాడ మీద గుడ్డ పేలిక లేదు.

నబీసా కడవ దించలేదు. దించాలన్న సంగతి ఆమెకు తట్టలేదు.

ఆ కాడను ఇరవై ఐదేండ్లుగా ఊళ్ళో ఎవరూ అట్లా చూడలేదు. ఏటా మొహరం నెల కనబడిన మరునాడు పీర్లను పెట్టెలోంచి తీసి, చింతపండుతో తోమి, మొక్కుకున్నవాళ్ళు తెచ్చిన గుడ్డలు చుడతారు. వాటిని దట్టీలంటారు. పండగ కాగానే విప్పేస్తారు. హుసేనీ పీరుకు మాత్రం అన్నిటికీ అడుగున ఒక దట్టి ఉంటుంది. దానిమీద ఆకుపచ్చ గుడ్డ తొడిగి కుట్టేశారు. అడుగు దట్టి విప్పితే వాన రాదని పీర్ల చావిడి చూసుకునే ముజావరు హుసేనప్ప చెప్పాడు. వాన రాదంటే ఆ సీమలో ఎవరూ మారుమాట్లాడరు.

హుసేనప్ప నబీసాకు మామ, పీర్ బాషాకు తాత. డెబ్బై దాటిన మనిషి. ఈ ఏడు పండగ ముందర మంచం పట్టాడు. పీర్లను తోమే పని మనవడి మీద పడింది.

"ఎందుకు ఇప్పినావురా?" అంది నబీసా.

"చీమలు పట్టినాయి. ఇప్పకుండా ఎట్ల తోమేది?"

"ఇప్పగూడదని తెలీదా నీకు? వాన..."

"మూడేండ్లాయ, ఇప్పకుండానే రాకపాయ." అతను తల ఎత్తలేదు. "ఇది దట్టి గాదుమా. ఎవురో మొగోని రుమాలు."

అతను లేచి నిలబడ్డాడు. రుమాలు ఒక కొస బొడ్డు దగ్గర ఆనించి పట్టుకుని నడుముకు చుట్టుకోవడం మొదలుపెట్టాడు. పాత మడతలు గుడ్డలో అట్లాగే ఉన్నాయి. వాటి వెంట పోయాడు. మూడున్నర చుట్లు వచ్చింది. రెండో కొస వీపు మీదికి వచ్చి ఆగింది.

వెనక నాలుగు రంధ్రాలు ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి. ముందర మూడు. వెనకవి చిటికెన వేలు పట్టేంత. ముందరివి చిరిగి ఉన్నాయి.

"ఏడు గుండ్లు గాదు," అన్నాడు పీర్ బాషా. "ఒగటే. యెనక నుంచి వచ్చి ముందర పోయినాది. పటాలంలో ఉన్నప్పుడు బర్మా దారిలో రెండేండ్లు శవాలు మోసినా. నాకు తెల్సు."

నబీసాకు కనబడింది వేరు. ఆమె కొడుకు కడుపు మీద మరక. మరక మధ్యలో బొక్క.

కడవ జారింది. నీళ్ళు ఇల్లంతా పోయాయి. రెండు బావులు తిరిగి తెచ్చిన నీళ్ళు.

"తీయ్," అంది. "నీ నడుం మీద నుంచి అది తీయ్ ముందు."

"ఎవురిదో చెప్పు, తీస్తా."

ఆమె వచ్చి తానే విప్పసాగింది. అతను ఆపలేదు. ఆమె చేతులు గుడ్డను పోల్చుకున్న తీరు చూశాడు. కొత్తగా ముట్టుకునే చేతులు కావవి.

"నీకు తెల్సు," అన్నాడు.

మూలన కుక్కి మంచంలో హుసేనప్ప గోడవైపు తిరిగి పడుకున్నాడు. నిద్రపోవడం లేదు. నిద్రలో ఆయనకు గురక వస్తుంది. ఇప్పుడు రావడం లేదు.

"మూలన ఎర్ర దారంతో సిలువ కుట్టినారు," అన్నాడు పీర్ బాషా. "మన దూదేకులోళ్ళ ఇండ్లల్లో ఎవురు కుడతారమ్మా సిలువ?"

"మెల్లగా మాట్లాడు."

"మన లేవి వాళ్ళ నాయినదేనా?"

ఆమె తడినేల మీద కూర్చుంది. రుమాలును ఒళ్ళో పెట్టుకుని మడత పెట్టింది. మళ్ళీ విప్పింది. మళ్ళీ మడత పెట్టింది.

"ఏసన్నది," అంది.

*

గుండ్లమెట్టకు ఎర్రమల కొండలు కోసెడు దూరం. ఏసన్న ఊరి పశువుల కాపరి. ఇరవై ఐదేండ్ల కింద, గడ్డి మొలవని ఏడు, ఊరి పశువులను సర్కారు అడవి హద్దురాళ్ళు దాటించాడు. మూడోనాడు తెల్లదొర ఒకడు ఇరవై మంది పోలీసులతో వచ్చాడు. ఊళ్ళోవాళ్ళు ముసలీ ముతకను వెంటబెట్టుకుని పక్క ఊళ్ళకు పరిగెత్తారు. రెండోనాడు తిరిగి వచ్చేసరికి పోలీసులు లేరు. ఏసన్నా లేడు. పదకొండు పశువులు తోలుకుని కొండ దాటి పారిపోయాడని మునసబు చాటింపు వేయించాడు. ఏసన్న పేర వారంటు వచ్చింది.

పిల్లలకు తెలిసిన కథ అది. పీర్ బాషాకు తెలిసింది అదే. లేవికి తెలిసింది అదే. లేవి ఊరందరికీ దొంగ ఏసన్న కొడుకు.

"తాత ఊరిడిసి పోలేదు గదా," అన్నాడు పీర్ బాషా.

"పీర్లు నిలబెట్టినాక ముజావరు చావిడి ఇడిసి పోగూడదు. అత్తా నేనూ పోతిమి. అప్పుడు నువ్వు కడుపులో ఉండావు. మామ ఒక్కడే ఉన్న్యాడు, మునసబూ ఉన్న్యాడు."

"ఏం జరిగినాది?"

"నేను చూసినానా?"

"చెప్పింది చెప్పు."

నబీసా మంచం వైపు చూసింది. మంచం కదలలేదు.

"పశువులు పట్టుకపోతాంటే అడ్డం పోయినాడంట. పొమ్మన్న్యారంట. ఎనక్కి తిరిగి పోతాంటే కాల్చినారంట." ఆమె గొంతు తగ్గించింది. "కాల్చినాక దొరకు భయమాయనంట. ఊర్లల్లో గాంధీ మాటలు జరుగుతాండె. తుపాకి పేలిందంటే పైనోళ్ళు అడుగుతారంట. పేల్లేదని రాసుకున్న్యారు."

అంతే జరిగింది. తుపాకి పేలలేదని రాశాక ఏసన్న చచ్చిపోవడానికి వీల్లేకపోయింది. చావని మనిషి ఇంటికి రాలేదంటే పారిపోయినట్టే. పారిపోయాడంటే ఏదో తప్పు చేసినట్టే. పదకొండు పశువులను దొర బందెలదొడ్డికి తోలించి, వాటినే దొంగతనం కింద రాయించాడు.

"సాక్షి ఎవురు?" అన్నాడు పీర్ బాషా.

నబీసా రుమాలు మడత పెట్టింది.

"అమ్మా. సాక్షి ఎవురు?"

"మునసబు కాగితం పెట్టినాడు. దొర తుపాకి పెట్టినాడు. మామ ఏలు పెట్టినాడు."

పీర్ బాషా మంచం దగ్గరికి పోయి నిలబడ్డాడు. తాత వీపు చూస్తూ మాట్లాడాడు. తల్లితోనే మాట్లాడాడు.

"పటాలంలో చేరేదానికి లేవీ నేనూ కర్నూలుకు ఒగటే బండెక్కి పోతిమి. నన్ను తీసుకున్న్యారు. వాన్ని వద్దన్న్యారు. ఎందుకో వానికి తెలీదు. వాని కాగితం నేను చదివినా. తండ్రి పశువుల దొంగతనంలో పరారీ అని ఉండాది. వానికేమి చెప్పినానో తెల్సా? ఎత్తు చాల్లేదంట రా అన్న్యా. వాడు నాకంటే జానెడు ఎత్తు. నమ్మినాడు."

నబీసాకు ఆ సంగతి తెలియదు. లేవి పుట్టిన మూడు నెలలు వాడి తల్లి రాహేలమ్మకు పాలు పడలేదు. పీర్ బాషాకు ఒక పక్క, లేవికి ఒక పక్క ఇచ్చి నబీసానే పెంచింది. వాడు ఆమెను చిన్నమ్మా అంటాడు.

"ఈ గుడ్డ పీరుకు కట్టిందెవురు?"

"నేనే." చెప్పాక ఆమెకు ఊపిరి ఆడింది. "మామ చొక్కా లోపల పెట్టుకోని వచ్చినాడు. మూడు మార్లు ఉతికినా, మరక పోలేదు. కాల్చేకి మామ ఒప్పుకోల్యా. ఇంట్లో పెట్టుకుంటే చిక్కుతాది. పోలీసోళ్ళు దొంతులు దించుతారు, గరిసెలు ఎత్తి చూస్తారు. పీరు గుడ్డ ముట్టుకోరు. అందుకని కట్టినా."

"ఆయన్ని యాడ పూడ్చినారు?"

"కొండలో. వంక పక్కన."

"యాడ? ఏ వంక?"

"నాకు చూపించల్యా. నేను అడగల్యా."

"రాహేలు పెద్దమ్మకు చెప్తా నేను," అన్నాడు పీర్ బాషా.

నబీసా లేచి తలుపు దగ్గరికి పోయి అడ్డంగా నిలబడింది.

"చెప్పి?"

"చెప్పి ఏముంది? ఇరవై ఐదేండ్లు బతికుండాడని ఎదురుచూస్తాండాది."

"చెప్తావు. ఆమె ఏడుస్తాది. ఎందుకేడుస్తాందని అడుగుతారు. మునసబు ఆ దినం మామతో ఏమన్న్యాడో తెల్సా? నోరు జారితే నీ ఇంటి మొగోళ్ళందరి పేర్లూ ఆ కాగితం మీదికే వస్తాయన్న్యాడు. ఆ కాగితం ఇంగా ఉండాది. మునసబూ ఉండాడు. మీ నాయిన ఉన్న్యాడా? జ్వరమొచ్చి పాయ. నాకుండేది నువ్వొకడివి."

"దొరలు పోతాండారుమా."

"ఎవురు చెప్పినారు? పోయినాక చెప్పు. పోయి, సముద్రం దాటినాక చెప్పు. అప్పుడు నేనే చెప్తా."

బయట కర్ర నేలకు తగిలిన చప్పుడైంది. ఎవరో దగ్గారు.

*

వచ్చింది తలారి ఉరుకుందు. మునసబు మాటలు ఇండ్లకు మోసేది అతనే.

అతను గడప దగ్గరికి వచ్చేలోపల నబీసా మంచం మీద నుంచి కంబళి లాగి పీరు మీద వేసింది. రుమాలు మీద కూర్చుంది. చాట ముందుకు లాక్కుని కందులు ఏరసాగింది. ఏరిన కందులనే మళ్ళీ ఏరింది.

"ఏమప్పా సిపాయీ, ఇల్లు చెరువు చేసినారే," అన్నాడు ఉరుకుందు తడినేల చూసి.

"కడవ జారినాది," అంది నబీసా.

"ఈ కరువులో జారేకి నీ ఇంట్లోనన్నా నీళ్ళుండాయి." అతను గడప మీద కూర్చున్నాడు. "మునసబు పిలుచుకోని రమ్మన్న్యాడు. టేసన్ కాగితం వచ్చినాదంట. యాడో ఉత్తరాన హిందువులూ తురకలూ కొట్టుకుంటాండారంట. ఈడ పీర్ల పండగలో గలాటా కాదని ముజావరు పూచీ రాయాలంట."

"మన ఊర్లో పీర్లెత్తేది సగం బోయోళ్ళు, సగం మాలోళ్ళు," అన్నాడు పీర్ బాషా. "ఎవురు ఎవుర్ని కొట్టాల?"

"అదే నేనన్న్యా. నవ్వినాడు. నవ్వి, ఏలిముద్ర పడాల్సిందే అన్న్యాడు."

ఏలిముద్ర అన్న మాటకు మంచం కిర్రుమంది.

"మామ లేవలేడు," అంది నబీసా.

"సిపాయి వస్తాడు. మనవడు వేసినా చెల్తాది."

"నాకు సంతకం వచ్చు," అన్నాడు పీర్ బాషా.

"ఇంగా మంచిది. మునసబుకు చదువుకున్నోళ్ళంటే శానా ప్రేమ. వాళ్ళ పేర్లన్నీ రాసి పెట్టుకుంటాండాడు." ఉరుకుందు నవ్వాడు. ఆ మాటలో అతనికి ఏ ఉద్దేశమూ లేదు. నబీసా చేతిలో కందులు చాటలోకి రాలాయి.

"మునసబుకు నేను గూడ ఒకటి చెప్పాల," అన్నాడు పీర్ బాషా.

నబీసా తల ఎత్తి కొడుకును చూసింది. చూస్తూనే ఉంది. అతను చాట వైపు చూశాడు, ఆమె కూర్చున్న చోటు వైపు చూశాడు.

"ఏమది?" అన్నాడు ఉరుకుందు.

"పొద్దు వాలినాక వస్తానని చెప్పు."

"చెప్తా." ఉరుకుందు లేచి కర్ర అందుకున్నాడు. "రాహేలమ్మ ఇంటికి గూడ పోవాల. సాలుకోసారి అడిగేది ఉండాది గదా, నీ మొగుడొచ్చినాడా అని. అడిగి అడిగి నాకే సిగ్గు. ఆమెకు ల్యా. నీళ్ళిచ్చి, ఒక దినం తప్పకుండా వస్తాడు, రాసుకో అంటాది."

రెండడుగులు వేసి వెనక్కి తిరిగాడు.

"చావిడి కాడ పిల్లోళ్ళు గుండం తవ్వుతామంటాండారు. ఈసారన్నా నడుం లోతు తవ్వనీ. మీ తాత తవ్వేది కుక్క పండుకునే గుంత మాదిరి ఉంటాది. సుట్టుపక్కల ఊర్లోళ్ళు నవ్వుతాండారు."

పీర్ల ముందు నిప్పు వేసి చుట్టూ తిరిగే గుండాన్ని ఏటా హుసేనప్పే తవ్వేవాడు. మూరెడు. మోచేయి గుంతలో పెట్టి కొలుచుకుని, చాలు అనేవాడు. పారను వేరేవాళ్ళ చేతికి ఇచ్చేవాడు కాదు.

ఉరుకుందు కర్ర చప్పుడు సందు మలుపు తిరిగింది.

"మునసబుతో ఏం చెప్తావు?" అంది నబీసా.

"ఏమో. పోయినాక చూస్తా."

"నీ కాళ్ళు పట్టుకుంటా."

"పట్టుకోమ్మా. నేను తాత మాదిరి ఏలు పెట్టి వస్తా. నా కొడుకు ఇంగొక గుడ్డ ఇప్పుతాడు."

*

రాహేలమ్మ పెరటి దోవన వచ్చింది. ఆ ఇంటికి ఆమె ఎప్పుడూ వీధి వాకిలిన రాదు.

"ఏమ్మే నబీసా, సామి తానం చేసినాడా?"

నలభై ఐదేండ్లుంటాయి. జొన్నచేను కలుపు నుంచి నేరుగా వచ్చింది, కాళ్ళకు మన్ను ఉంది. రెండు చేతులకూ గాజులున్నాయి. ఏటా పండగకు గాజులు మార్చుకుంటుంది. మొగుడు బతికున్న ఆడమనిషి మార్చుకోవాలి.

చేతిలో మడతపెట్టిన ఎర్ర గుడ్డ ఉంది. ఇరవై ఐదో దట్టి.

"కూచో అక్కా," అంది నబీసా. తను లేవలేదు. లేస్తే రుమాలు కనబడుతుంది.

"కూచునేకి పొద్దు యాడిది. మా ఉపదేశయ్య నిన్న మళ్ళా మొదలుపెట్టినాడు. పీరుకు మొక్కితే ఏసుప్రభువుకు కోపమొస్తాదంట. ప్రభువుకు కోపమొస్తే నాకు చెప్పనీ అన్న్యా. మధ్యలో నీకేమి అయ్యా అన్న్యా. వాళ్ళిద్దరూ యాడన్నా కలిసి కూచోని మాట్లాడుకుంటాండారేమో, నీకు తెలీదేమో అన్న్యా." ఆమె నవ్వింది. ఎవరూ నవ్వకపోయేసరికి పీర్ బాషాను చూసింది. "ఏమప్పా, మొగం అట్ల పెట్టినావు? మీయమ్మ కొట్టినాదా?"

"లేదు పెద్దమ్మా."

"తలారి ఎదురొచ్చినాడు. ఈ ఏటిది గూడ అడిగేసినాడు." ఆమె గోడకు వీపు ఆనించి కూర్చుంది. "ఊర్లోవాళ్ళు అంటాండారు, ఏసన్న యాడో చచ్చింటాడు, గాజులు తీసెయ్ అని. నేను ఒగటే అడుగుతా. చచ్చినోని కోసం సర్కారు ఏటేటా మనిషిని పంపుతాదా? వాళ్ళకేమి పనీ పాటా లేదా? వాళ్ళకు తెల్సు. యాడున్న్యాడో పట్టుకోలేక అడుగుతాండారు."

పీర్ బాషా గోడ వైపు తిరిగాడు.

"ఇంగొకటి విన్న్యావా మే?" రాహేలమ్మ ముందుకు వంగింది. "దొరలు పోతారంట. కొత్త సర్కారు వస్తే పాత వారంట్లన్నీ కొట్టేస్తారంట. లేవి పేపర్లో చదివించుకోని వచ్చినాడు. అడివి కేసులైతే ముందు కొట్టేస్తారంట. ఇంగ ఆయప్ప దాక్కునే పని ఏముంది? ఈ ఏడు కాకుంటే వచ్చే ఏడు వచ్చేస్తాడు."

నబీసా కందులు ఏరింది.

"వస్తే ఏమంటానో తెల్సా? ఏమీ అనను. ముందర సంగటి పెడతా. తిన్న్యాక అడుగుతా, కొడుకు ఎత్తు యాడి దాకా వచ్చినాడో చూసినావా అని."

నబీసా చాట పక్కన పెట్టింది. మళ్ళీ తీసుకుంది.

"నీకొకటి చెప్పాల నబీసా. కాదనొద్దు."

"ఏమక్కా?"

"ఇన్నేండ్లూ నా దట్టి పైన కట్టినావు. నాలుగైదు దట్టీల మీద. సామికి తగిలిందో లేదో. ఈసారి అడుగున కట్టు. కాడకు తగిలేట్టు." ఆమె మంచం వైపు చేయి చూపింది. "అడుగు దట్టి ఇప్పగూడదని తెల్సు. మామను అడుగు. ఒక్కసారికి. నా మొగుడొచ్చేకి."

"పెద్దమ్మా," అన్నాడు పీర్ బాషా.

నబీసా కూర్చున్న చోటు నుంచే అతని మణికట్టు పట్టుకుంది. గోళ్ళు దిగాయి. అతను విడిపించుకోలేదు, మాట ముగించనూ లేదు.

"ఏందప్పా?" అంది రాహేలమ్మ.

నబీసా పట్టు వదల్లేదు.

ఆమె తల్లినీ కొడుకునూ చూసింది. నేల మీద తడిని చూసింది. గోడకు ఆనించిన కంబళిని చూసింది. కంబళి కింద నుంచి ఇత్తడి కాడ జానెడు కనబడుతోంది.

"మే," అంది. "అడుగు దట్టి యాడ?"

అప్పుడే బయట నేల మోగింది. ధడ్. కాసేపటికి మళ్ళీ, ధడ్.

చావిడికీ ఆ ఇంటికీ ఒకటే గోడ. గుండంలో ఏటా తవ్వే బూడిద మన్ను దాటి గట్టి మన్ను మీద పార పడితే మంచం కోళ్ళకు తెలుస్తుంది.

"ఎవురు తవ్వుతాండేది?"

అడిగింది హుసేనప్ప. పొద్దుటి నుంచి ఆయన నోట వచ్చిన మొదటి మాట అది. గోడవైపు నుంచి ఇటు తిరిగాడు.

"మా లేవే మామా," అంది రాహేలమ్మ. "నీకు చేతకాదని వాన్నే పంపినా. ఈసారి లోతుగా తవ్వుతాడు. వాడు పార పట్టుకుంటే నిలపడు."

"ఎంత తవ్వినాడు?"

"నేనొచ్చేటప్పుడే మోకాలు దాటినాడు."

హుసేనప్ప లేవబోయాడు. మోచేయి మంచం పట్టెకు ఆనించాడు. చేయి నిలవలేదు. మళ్ళీ ఆనించాడు.

"నబీసా, ఆపు. ఆపమను."

"ఏం మామా?"

"మూర దాటనీయొద్దు. పో. వాన్ని ఎక్కి బయటికి రమ్మను." ఆయన కాళ్ళు మంచం కిందికి వచ్చాయి. మనిషి రాలేదు. "వాన్నొద్దు. ఎవురన్నా తవ్వనీ. వాన్నొద్దు."

నబీసా కొడుకు మణికట్టు వదిలేసింది.

ఆ ఏడు వాళ్ళు పక్క ఊరి నుంచి తిరిగి వచ్చేసరికి గుండం పూడ్చి ఉంది. పదో దినానికి ఇంకా నాలుగు రోజులున్నాయి. జనం లేని పండగకు గుండమేమిటికని మామ అన్నాడు. ఆయన చేతులకు బొబ్బలున్నాయి. గోరువెచ్చని నీళ్ళు కాచి ఇచ్చింది ఆమే. పూడ్చిన గుండం మీద కొత్త మన్ను ఉంటే ఎవరు అడుగుతారు? ఎవరూ అడగలేదు. ఆమె కూడా అడగలేదు. కొండలో వంక పక్కన అంటే, కొండ వైపు చూసి ఇరవై ఐదేండ్లు దండం పెట్టుకుంది.

అన్నేండ్లూ ఆ మన్ను మీద నిప్పు వేశారు. ఆ నిప్పు చుట్టూ రాహేలమ్మ తిరిగింది, చంకలో లేవిని ఎత్తుకుని. తర్వాత చేయి పట్టుకుని. తర్వాత వాడే ముందు నడిచాడు.

నబీసా లేచింది. లేచాక గుర్తొచ్చింది, తను దేని మీద కూర్చుందో.

రాహేలమ్మ ఆమె ముఖం చూడటం లేదు. నేల మీద గుడ్డను చూస్తోంది. మూలన ఎర్ర దారం ఉంది.

పార మరొకసారి పడింది. ఈసారి చప్పుడు వేరుగా వచ్చింది.

తర్వాత పార పడలేదు. బయట పిల్లల మాటలు ఆగిపోయాయి. హుసేనప్ప రెండు చేతులతో చెవులు మూసుకున్నాడు.

"చిన్నమ్మా," అని లేవి గుంతలో నుంచి పిలిచాడు. అరవలేదు. "చిన్నమ్మా, ఒకసారి రా."

పీర్ బాషా కదలలేదు. నబీసా కాళ్ళు కదలలేదు.

రాహేలమ్మ వంగి, చేతిలోని కొత్త దట్టిని నేల మీద పెట్టి, రుమాలు తీసుకుంది. మూల వెతికింది. దారం మీద బొటనవేలు పెట్టి ఒకసారి రుద్దింది.

"నన్ను పిలుస్తాండాడు," అంది, వీధి వాకిలి వైపు నడుస్తూ.